కుంగిన కమాను, పూర్వస్థితి: ఒక సంస్కార విచారం

భారం మోసి మోసి కుంగిన వస్తువును బాగుచేయడమంటే దానిని దాని పూర్వస్థితికి చేర్చడమా, లేక అంతకు ముందు లేని స్థితిని దానికి కొత్తగా కల్పించడమా అన్న ప్రశ్న కమ్మరి కొలిమికీ మోటారు షెడ్డుకూ చెందిన చిన్న ప్రశ్నలా కనిపించవచ్చు గాని, భారతీయ దర్శనాలు సంస్కారం గురించీ సంయోగం గురించీ మోక్షం గురించీ చేసిన పెద్ద విచారాలు వచ్చి కలిసే కూడలి అదే. మనిషి అలసట గురించి మతం చెప్పే మాటలలో ఏది గ్రాహ్యమో, ఏది అన్యాయమో తేల్చుకోవడానికి కూడా ఆ ప్రశ్నే దారి చూపుతుంది గనుక దానిని ఇక్కడ ఒక పాత పెద్ద కారు వెనక భాగాన్ని ఆధారంగా చేసుకుని పరిశీలించడం జరుగుతుంది.

ఆ కారు అంబాసిడర్. బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాను అనుసరించి, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో హిందూస్థాన్ మోటార్స్ సంస్థ 1950ల చివర మొదలుపెట్టి 2014 వరకు తయారుచేసిన ఈ కారు కలెక్టరు కచేరీ నుంచి టాక్సీ స్టాండు దాకా, మంత్రి బంగళా నుంచి పెళ్లి విడిది దాకా తెలుగువారి కళ్ల ముందే తిరిగింది. దాని వెనక ఇరుసు రెండు కమాను కట్టల మీద ఆధారపడి ఉంటుంది. కమాను కట్ట అంటే పొడవు తగ్గుతూ ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల దొంతర. అన్నిటికన్నా పొడవైన మెయిన్ పట్టీ రెండు కొసలనూ గుండ్రంగా చుట్టి కళ్లు తీసి, ఒక కంటిని బాడీకి నేరుగానూ, రెండవ కంటిని షాకిల్ అనే ఊగే లంకె ద్వారానూ బిగిస్తారు. దొంతర నడుమను సెంటర్ బోల్టుతో కూర్చి, యు-బోల్టులతో ఇరుసుకు కట్టేస్తారు. బరువు పడినప్పుడు వంపు చదునవుతుంది, బరువు తీసినప్పుడు మళ్లీ వంపు తిరుగుతుంది.

ఇలాంటి కారు ఏళ్ల తరబడి నడిచాక దాని వెనక భాగంలో రెండు బాధలు కనిపిస్తాయి. షెడ్డు భాషలో మొదటిది కమాను కూర్చోవడం, రెండవది ఆట రావడం. కమాను కూర్చుంటే వంపు తిరిగి ఉండవలసిన దొంతర ఖాళీగా నిలబెట్టినప్పుడే చదునై, కారు తోక దిగిపోయి, చక్రానికీ పైన ఉన్న రేకు అంచుకూ మధ్య ఉండవలసిన జాగా తగ్గిపోతుంది. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీలో సామాను పడితే ఇరుసు వెళ్లి బాడీ కింది రబ్బరు దిమ్మకు ప్రతి గోతి దగ్గరా గుద్దుకుంటుంది. ఆట వస్తే కళ్లలోని రబ్బరు బుష్‌లు అరిగి, షాకిల్ పిన్నులు వదులై, యు-బోల్టులు సడలి, ముందు చక్రాలు తిరిగిన మలుపులోకి వెనక ఇరుసు కొంత ఆలస్యంగా, కొంత పక్కకు జరుగుతూ వస్తుంది. రెండూ తరచు కలిసే వస్తాయి గనుక వాటిని ఒకే జబ్బుగా చూడడం పరిపాటి అయినా, తాత్త్వికంగా వాటి జాతి వేరు. మొదటిది ఒక వస్తువు లోపల వచ్చిన మార్పు, రెండవది రెండు వస్తువుల నడుమ ఉన్న సంబంధంలో వచ్చిన మార్పు; వైశేషిక పరిభాషలో చెప్పాలంటే మొదటిది సంస్కారానికీ, రెండవది సంయోగానికీ చెందినది.

వాహనాన్ని ముందు పెట్టుకుని తత్త్వం చెప్పడం ఈ దేశంలో పాత అలవాటే. పాలీ గ్రంథమైన మిలిందపన్హలో నాగసేన భిక్షువు, క్రీ.పూ. 2వ శతాబ్దపు యవన రాజైన మిలిందునికి రథాన్ని చూపి, ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని ఒక్కొక్కటే అడిగి, వేటిలోనూ రథం దొరకదనీ, వాటన్నిటినీ పట్టి వ్యవహారం కోసం పెట్టుకున్న పేరే రథమనీ ఒప్పిస్తాడు. 7వ శతాబ్దంలో చంద్రకీర్తి ఈ పరీక్షను ఏడు విధాలుగా విస్తరించాడు. నైయాయికులు దీనికి ఎదురు నిలిచి, అవయవాల కన్నా వేరుగా, వాటిలో సమవాయంతో ఉండే అవయవి ఒకటి నిజంగానే ఉందని వాదించారు. సమవాయమంటే దారాలలో వస్త్రం ఉన్నటువంటి విడదీయరాని సంబంధం, అవయవి అంటే ఆ భాగాలలో నెలకొన్న మొత్తం. అయితే ఈ మతం మిక్కిలి కఠినమైనది. వస్త్రం నుంచి ఒక్క దారం లాగితే పాత వస్త్రం నశించి, ఖండపటమనే కొత్త వస్త్రం పుడుతుందని వారి సిద్ధాంతం గనుక, ఒక్క కమాను పట్టీ మార్చినా పాత కారు పోయి కొత్త కారు వచ్చినట్టే. ఇది అదే కారు అన్న గుర్తింపు, నిన్నటి దీపజ్వాలే ఇదని అనుకోవడం వంటి పోలికను బట్టి కలిగే జ్ఞానమే అవుతుంది.

ఈ వాదాలు ఎంత సూక్ష్మమైనవైనా కుంగిన కమాను దగ్గర ఆగిపోతాయి, ఎందుకంటే అక్కడ ఏ భాగమూ పోలేదు, ఏ భాగమూ కొత్తగా రాలేదు. పట్టీలన్నీ వాటి వరుసలో ఉన్నాయి, బోల్టులన్నీ వాటి రంధ్రాలలో ఉన్నాయి. నాగసేనుడు ఒక్కొక్కటే వేలెత్తి చూపుతూ పోతే జాబితా పూర్తిగా సరిపోతుంది, అయినా బండి నిలవవలసిన ఎత్తులో నిలవడం లేదు. భాగాల లెక్కతో వస్తువు స్వరూపాన్ని తేల్చే చర్చలో ఇరుపక్షాలూ లోటును భాగాల రాకపోకలలోనే వెదికాయి. భాగం పోకుండానే వస్తువు తన స్థానం నుంచి జారిపోవడమనే విషయాన్ని పట్టుకోవడానికి వైశేషికుల వద్ద మరో సాధనం ఉంది, అది సంస్కారం.

వైశేషిక దర్శనంలో సంస్కారమనేది ద్రవ్యంలో ఉండే 24 గుణాలలో ఒకటి. దానికి మూడు రకాలు చెప్పారు: కదులుతున్న వస్తువును కదిలిస్తూ పోయే వేగం, అనుభవం ఆత్మలో వదిలిపెట్టి, తరువాత స్మృతికి కారణమయ్యే భావన, మార్పు చెందిన వస్తువును తిరిగి మునుపటి స్థితికి తెచ్చే స్థితిస్థాపకం. ప్రశస్తపాదుడు ఈ మూడవదానికి ఉదాహరణలుగా విల్లును, చెట్టుకొమ్మను, కొమ్మును, దంతాన్ని, ఎముకను, దారాన్ని, వస్త్రాన్ని పేర్కొన్నాడు. కృష్ణాతీరపు గరికపాడు వాడని తెలుగునాట ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తన తర్కసంగ్రహంలో చాపను ఉదాహరించాడు: చుట్టిన చాపను పరిచి చేయి తీసేస్తే అది మళ్లీ చుట్టుకుంటుంది. తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ స్థితిస్థాపకత ఒక పాఠం పేరుగా తెలుసు గాని, ఆ గుణాన్నీ మనిషి జ్ఞాపకాన్నీ ఒకే గూటిలో చేర్చిన దర్శనం ఒకటి ఉందని ఆ పాఠం చెప్పదు. జరిగినదానిని మరవని శక్తి ఆత్మలో ఉంటే భావన, ద్రవ్యంలో ఉంటే స్థితిస్థాపకం అని చూడగలగడం సామాన్యమైన దృష్టి కాదు.

ఇక్కడ ఒక శాస్త్రచర్చ ప్రస్తావనార్హం. స్థితిస్థాపకం పృథివీ ద్రవ్యంలోనే ఉంటుందని అన్నంభట్టు చెప్పగా, విశ్వనాథ పంచాననుడు తన భాషాపరిచ్ఛేదంలో ఆ మతంతో పాటు, పృథివి, జలం, తేజస్సు, వాయువు అనే నాలుగింటిలోనూ అది ఉంటుందనే మరికొందరి మతాన్ని కూడా నమోదు చేసి, అది ఇంద్రియాలకు అందనిదని స్పష్టం చేశాడు. బంగారం మొదలైన ఖనిజాలను తైజసాలుగా, అనగా తేజస్సుకు చెందిన ద్రవ్యాలుగా లెక్కించిన సంప్రదాయంలో ఇనుము కూడా ఆ వర్గంలోకి వస్తుందనుకుంటే, ఉక్కు కమాను రెండవ మతానికే సాక్ష్యం పలుకుతుంది. విశ్వనాథుడు చెప్పిన అతీంద్రియత్వం కూడా విచారించదగినదే. ఎవరూ స్థితిస్థాపకాన్ని చూడలేరు, దాని పనిని మాత్రమే చూడగలరు. కమాను మీద చేయి వేసినవారికి తగిలేది ఉక్కు, తుప్పు, గ్రీజు మాత్రమే.

కమాను కుంగినప్పుడు దానిలోని స్థితిస్థాపకం నశించిందని చెప్పడం మామూలే గాని, అది సరికాదు, ఈ విచారమంతా నిలిచేది ఇక్కడే. ఉక్కు ఎంత వంగితే ఎంత బలంతో ఎదురు తిరుగుతుందో నిర్ణయించే యంగ్ గుణకం వాడకం వల్ల గాని, పదును పట్టడం వల్ల గాని చెప్పుకోదగినంతగా మారదు. పట్టీ విరగకుండా, తుప్పు తిని పలచబడకుండా ఉన్నంత కాలం కుంగిన కమాను కూడా బరువు వేస్తే కొత్తదానంతగానే దిగుతుంది, బరువు తీస్తే అంతే లేస్తుంది. మారినది దాని విరామ స్థానం. మితిమీరిన బరువులు, గోతుల దెబ్బలు, ఏళ్ల తరబడి ఒకే వైపు ఒత్తిడి, ఇవన్నీ ఉక్కు లోపల అతి సూక్ష్మమైన శాశ్వత వంపులను మిగులుస్తూ పోగా, ఆ కమాను ఇప్పుడు నిజాయితీగా తిరిగి వచ్చే చోటు మునుపటి చోటు కన్నా నాలుగు వేళ్ల కిందికి జరిగింది. తిరిగి వచ్చే శక్తి ఉంది, తిరిగి రావలసిన చోటు జరిగిపోయింది. మునుపటి స్థితికి తెచ్చేది అన్న నిర్వచనంలో మునుపటి స్థితి ఏదో ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న మరుగున ఉండిపోయిందని ఈ కమాను బయటపెడుతుంది.

దీనిని భావనకు, అంటే ఆత్మలోని సంస్కారానికి అన్వయించి చూస్తే విషయం గంభీరమవుతుంది. దీర్ఘకాలం భయంలో బతికినవారు భయం పోయిన తరువాత కూడా కోలుకోలేదని అనడం కన్నా, వారు కోలుకుంటూనే ఉన్నారు గాని కోలుకుని చేరే చోటే కిందికి దిగిందని అనడం సత్యానికి దగ్గర. ప్రతి రాత్రి నిద్రా ప్రతి పండుగా వారిని యథాస్థితికి చేరుస్తూనే ఉంటాయి, ఆ యథాస్థితే కుంగినది. అటువంటి స్థితిలో ఉన్నవారికి తమ కుంగుబాటు తెలియకపోవడం వింత కాదు. కొలత తీసుకోవలసిన గుర్తు కూడా వారితో పాటే దిగిపోయింది. కమాను తన పాత వంపును తానే చెప్పలేదు. అనుభవజ్ఞుడైన మెకానిక్ చదునైన నేల మీద కారును నిలిపి, నాలుగు టైర్లలో గాలి సరిచూసి, చక్రం నడిబొడ్డు నుంచి రేకు అంచు దాకా ఎడమ కుడి వైపుల కొలిచి, ఆ కొలతలను తయారీదారు ఇచ్చిన అంకెలతో పోల్చుకుంటాడు. భారం మోయని చోట ఉన్న కొలబద్ద ఒకటి కావాలి. గురువు, శాస్త్రం, సత్సంగం వంటివాటికి సంప్రదాయం ఇచ్చిన స్థానానికి ఇంతకన్నా గట్టి సమర్థన అరుదు, ఎందుకంటే ఆ సమర్థన ఆజ్ఞ మీద గాక, కుంగినవాడు తన కుంగుబాటును తానే కొలుచుకోలేడన్న వాస్తవం మీద నిలుస్తుంది.

బాగుచేయడానికి పూనుకున్నప్పుడు మొదట జరిగే పొరపాటు షాక్ అబ్సార్బర్లను మార్చడం. మామూలు నూనె షాక్ అబ్సార్బర్ బండి ఎత్తును నిలపదు. కమాను ఊపును నూనె రాపిడితో వేడిగా మార్చి అణచడమే దాని పని. వైశేషికుల వర్గీకరణలో అది వేగసంస్కారాన్ని శమింపజేసే సాధనం, స్థితిస్థాపకంతో దానికి నిమిత్తం లేదు. కొత్తవి వేయగానే ఊపు తగ్గి ప్రయాణం నెమ్మదించినట్టు తోచినా, తోక మాత్రం దిగినట్టే ఉంటుంది. చిత్తచాంచల్యం అణగడాన్ని స్వస్థతగా భావించే సాధకులకు ఈ భేదం తెలియవలసి ఉంది: కదలిక ఆగినంత మాత్రాన స్థానం సరి అయినట్టు కాదు.

కమాను దొంతరను విప్పినప్పుడు కనిపించే దృశ్యం ఆ వస్తువు చరిత్రనంతా చెబుతుంది. సెంటర్ బోల్టు తీయగానే పట్టీలు ఎడమెడమవుతాయి, వాటి నడుమ నుంచి ఎర్రని తుప్పు పొడి రాలుతుంది. ప్రతి పట్టీ కొస తన పై పట్టీ అడుగున ఏళ్ల తరబడి రాసుకుని తవ్విన నున్నని గాడి తళతళలాడుతూ ఉంటుంది. ఒక్కొక్కసారి మధ్య పట్టీ ఒకటి ఎప్పుడో విరిగి, తక్కిన పట్టీల బిగింపులో ఇమిడి, బయటికి తెలియకుండా ఉండిపోతుంది. ఇది చూశాక మూడు దారులు ఉంటాయి. మొదటిది పట్టీలను చల్లగా ఉండగానే దాగలి మీద పెట్టి సుత్తితో కొట్టి వంపు తీయడం. రెండవది కొలిమిలో కాల్చి, వంపు తీర్చి, మళ్లీ పదును పట్టడం. మూడవది కొత్త కట్ట వేయడం. అదనంగా ఒక మందపాటి పట్టీ చొప్పించి తోకను లేపడం నాలుగవ దారిగా చలామణిలో ఉంది గాని, అది బండిని బిరుసు చేసి, లేని సామర్థ్యాన్ని ఉన్నట్టు చూపి, ఆ బరువు దెబ్బలన్నీ బాడీ కింద కమాను తగులుకునే చోటికి పంపుతుంది. ఆ చోటు పాత కార్లలో తరచు తుప్పు పట్టి ఉంటుంది. గుణానికి ఆశ్రయం ద్రవ్యం అన్న వైశేషిక సూత్రానికి షెడ్డులో అర్థం ఇదే: తగిలించే చోటు పుచ్చిపోతే కొత్త కమాను కూడా నిరాశ్రయమే.

చల్లగా కొట్టి వంపు తీసిన కమాను కొద్ది కాలానికే మళ్లీ కూర్చుంటుందని పాతకాలపు కమాను పనివారందరికీ తెలుసు, దానికి కారణం తయారీ విధానంలో ఉంది. సిలికాన్, మాంగనీస్ కలిసిన కమాను ఉక్కును సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచి, తిరిగి 450, 500 డిగ్రీల ప్రాంతంలో వేడిచేసి పెళుసుదనం తగ్గిస్తారు. ఆ తరువాత స్క్రాగింగ్ అనే ప్రక్రియలో, అది జీవితంలో మోయబోయే బరువు కన్నా ఎక్కువ బరువు దాని మీద వేసి, కర్మాగారంలోనే ఒకసారి కుంగదీస్తారు. ఆ తొలి కుంగుబాటు వల్ల, బరువు పడినప్పుడు సాగే పై పొరలో ముందుగానే వ్యతిరేక దిశలో ఒత్తిడి నిలిచిపోయి, తరువాతి కుంగుబాటును అడ్డుకుంటుంది. సుత్తితో ఎదురు దిశలో వంచినప్పుడు ఆ రక్షణ చెరిగిపోయి, దానికి విరుద్ధమైన ఒత్తిడి లోపల మిగులుతుంది. రూపం పాతది, లోపలి సంస్కారం తలకిందులు. ఉపవాసాలనూ వ్రతాలనూ ఇష్టపూర్వకంగా, మితంగా, సమర్థుల పర్యవేక్షణలో చేయించిన సంప్రదాయానికీ, తనంత తానుగా వచ్చిపడిన కష్టాన్నే తపస్సుగా పొగిడే ఉపదేశానికీ మధ్య ఉన్న తేడా ఇదే కావచ్చు: మొదటిది భారానికి ముందు ఇచ్చిన భారం, రెండవది సుత్తి దెబ్బ.

కొలిమి దారి మరొక ప్రాచీన వివాదాన్ని గుర్తుకు తెస్తుంది. పచ్చి కుండ ఆవంలో కాలి ఎర్రబడినప్పుడు మారేది ఏమిటన్న ప్రశ్నకు వైశేషికులు, అగ్ని తాకిడికి కుండ పరమాణువులుగా విడిపోయి, ఆ పరమాణువులలో కొత్త రంగు పుట్టి, తిరిగి అవే కూడి కొత్త కుండ ఏర్పడుతుందన్నారు. దీనిని పీలుపాకవాదం అంటారు, పీలువంటే పరమాణువు. నైయాయికులు కుండ కుండగానే ఉండి, మొత్తంగా పాకం చెందుతుందన్నారు, అది పిఠరపాకవాదం. ఉక్కు విషయంలో ఆధునిక లోహశాస్త్రం చెప్పేది ఈ రెండింటి నడుమ నిలుస్తుంది. పట్టీ పట్టీగానే ఉంటుంది, కొలిమి నుంచి తీసేటప్పుడు పటకారుకు అదే వస్తువు చిక్కుతుంది. అయినా దాని లోపల పరమాణువుల అమరిక మారిపోయి, చల్లార్చినప్పుడు మరొక అమరికలోకి గడ్డకడుతుంది. పాత కుంగుబాటు జ్ఞాపకమంతా ఆ వేడిలో చెరిగిపోతుంది, దానితో పాటు పాత పదును కూడా పోతుంది. అందుచేత కాల్చి వంపు తీర్చిన పట్టీకి పదును కొత్తగా పట్టకపోతే అది మునుపటి కన్నా మెత్తని ఇనుపబద్ద అవుతుంది. జ్ఞాపకాన్ని చెరిపే ప్రక్రియ ఏదైనా బలాన్ని కూడా చెరుపుతుందనీ, ఆ బలాన్ని తిరిగి ఇచ్చే బాధ్యత చెరిపినవారిదేననీ ఇక్కడ తేలుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావాలి. బాగుచేయడం పూర్వస్థితిని తేవడమా, కొత్త స్థితిని కల్పించడమా? దీనికి తగిన పరిభాషను ఇచ్చినవారు మీమాంసకులు. వారి వాడుకలో సంస్కారం వైశేషికుల గుణం కాదు, ఒక క్రియ. ఏది జరిగితే ఒక వస్తువు ఒకానొక ప్రయోజనానికి యోగ్యమవుతుందో అది సంస్కారమని శబరస్వామి వివరించాడు. కుమారిలభట్టు ఆ యోగ్యత రెండు విధాలుగా కలుగుతుందన్నాడు: ఉన్న దోషాన్ని తొలగించడం వల్ల, లేని గుణాన్ని కలిగించడం వల్ల. తుప్పు గోకడం మొదటిది, పదును పట్టడం రెండవది. కుంగుబాటు వీటిలో దేని పరిధిలోకి వస్తుందో చూస్తే, అది నిస్సందేహంగా రెండవదే. కుంగిన పట్టీలో తొలగించవలసిన మలినమేదీ లేదు. ఎన్ని నూనెలతో కడిగినా, ఎంత తోమినా అది అంగుళం లేవదు.

మతజీవితంలో జరుగుతున్న ఒక పెద్ద అపచారానికి మూలం ఈ రెండింటినీ కలిపివేయడమే. పక్షవాతం వచ్చిన అత్తకు ఏళ్ల తరబడి సేవచేసి నిస్తేజమైన కోడలికి, పిల్లల చదువు కోసం ఎడారి దేశంలో జీవితంలో సగం గడిపి వచ్చి పూజలో కూర్చోలేకపోతున్న తండ్రికి దొరికే సలహా తరచు శుద్ధి భాషలోనే ఉంటుంది: ఏదో దోషం ఉంది, పూర్వకర్మ ఉంది, శాంతి చేయించాలి, పాపం కడుక్కోవాలి. మోసినందుకు కుంగినవారిని మలినపడినవారిగా చూడడం కన్నా పెద్ద అన్యాయం లేదు. ప్రాయశ్చిత్తం దోషానికి విధించినది; భారం మోయడం దోషం కాదు. వారికి కావలసినది గుణాంతరం, అంటే విశ్రాంతి, తోడు, భారంలో వాటా, పదును పట్టే ఓపిక ఉన్న మనిషి. కర్మసిద్ధాంతాన్ని నమ్మేవారు సైతం ఈ భేదాన్ని పాటించవచ్చు, ఎందుకంటే కుమారిలుడే దానిని వారి చేతికి ఇచ్చి ఉన్నాడు.

ఆట విషయం కొంత సులభమైనది. సంయోగమంటే విడివిడిగా ఉండగల రెండు ద్రవ్యాల కలయిక, విభాగం దానిని నాశనం చేస్తుంది. బుష్ అరిగినప్పుడు జరిగేది క్షణానికొక సంయోగం, క్షణానికొక విభాగం. ఇనుప బద్దను కంటి దగ్గర దూర్చి ఎత్తి చూస్తే పిన్ను కదలిక చేతికి తెలుస్తుంది. ఇక్కడ గమనించవలసింది, అరగడానికని ఉద్దేశించిన వస్తువు ఒకటి నడుమ ఉండడమే ఆ కలయిక ఆయుష్షు రహస్యమన్నది. ఉక్కు ఉక్కును తాకితే రెండూ అరుగుతాయి గనుక రబ్బరును మధ్య పెట్టి, దానిని మార్చుకుంటూ ఉంటారు. ఆగమ సంప్రదాయం దేవతామూర్తి విషయంలోనే ఈ వివేకాన్ని చూపింది. మూర్తికీ పీఠానికీ నడుమ అష్టబంధనమనే ఎనిమిది ద్రవ్యాల ముద్దను పెడతారు, కాలక్రమంలో అది సడలుతుందని ముందే ఒప్పుకుంటారు. తిరుమలలో వైఖానస ఆగమం ప్రకారం 12 ఏళ్లకొకసారి, చివరగా 2018 ఆగస్టులో జరిగినట్టుగా, దైవశక్తిని కుంభంలోకి ఆవాహనచేసి, బాలాలయంలో అర్చనలు సాగిస్తూ, ఆ బంధనాన్ని పునరుద్ధరించి, మహాసంప్రోక్షణ చేస్తారు. బంధం సడలడం అపచారమని ఎవరూ అనరు. నిత్యుడని నమ్మిన దైవానికి కూడా బంధనం అనిత్యమేనని అంగీకరించి, దానికి ఒక గడువు పెట్టి, ఆ గడువు రాగానే పనిచేయడం ఆ సంప్రదాయపు ఔన్నత్యం. వదులైన బుష్‌ను విరిగేదాకా వదిలేసేవారికీ, వదులైన అనుబంధాన్ని తెగేదాకా పట్టించుకోనివారికీ అది ఆదర్శం కాదగినది.

చివరి ప్రశ్న ఒకటి మిగిలింది, అది అన్నిటికన్నా కష్టమైనది. కమానుకు సహజస్థితి ఏది, ఏ బరువూ లేకుండా నేల మీద పడి ఉన్నప్పటి నిండు వంపా, బరువు మోస్తున్నప్పటి సగం వంపా? న్యాయదర్శనం మోక్షాన్ని వర్ణించిన తీరు మొదటి సమాధానానికి దగ్గర. బుద్ధి, సుఖం, దుఃఖం, ఇచ్ఛ, ద్వేషం, ప్రయత్నం, ధర్మం, అధర్మం, భావనాసంస్కారం అనే తొమ్మిది విశేషగుణాలూ పూర్తిగా నశించిన ఆత్మస్థితే ఆ దర్శనంలో అపవర్గం. తిరిగి రావడానికి కూడా ఏమీ మిగలని స్థితి అది. శ్రీహర్షుడు నైషధంలో చార్వాకుని నోట, ఇది రాయిగా మారడమేనని ఆక్షేపింపజేశాడు. యోగదర్శనంలోని స్వరూపావస్థానం, అంటే ద్రష్ట తన స్వరూపంలో నిలవడం, ఇంతకన్నా సౌమ్యమైనదైనా భారరహితమైనదే. వీటికి భిన్నంగా గీత మూడవ అధ్యాయం జనకుని ఉదాహరించి, కర్మలో ఉంటూనే సిద్ధి పొందినవారిని చూపి, లోకసంగ్రహం కోసం, అంటే లోకాన్ని నిలిపి ఉంచడం కోసం చేసే పనిని చెప్పింది. కమాను ఈ రెండవ పక్షంలో ఉంది. దాని నమూనా గీసినవారు మొదట నిర్ణయించేది బరువు పడినప్పుడు బండి నిలవవలసిన ఎత్తు. ఖాళీ వంపును ఆ ఎత్తు నుంచి వెనక్కి లెక్కకట్టి తీసుకుంటారు. భారమే ముందు, వంపు తరువాత. భారాన్ని స్వరూపానికి వెలుపల నుంచి వచ్చిన ఆగంతుకంగా చూసే దర్శనాలు సన్న్యాసికి సరిపోవచ్చు గాని, గృహస్థు జీవితాన్ని అవి అర్థం చేసుకోలేవు. అతని సహజస్థితి మోస్తూ నిలిచిన ఎత్తు, అతని మోక్షచింత కూడా ఆ ఎత్తులోనే సాగాలి.

బుష్‌లు బిగించే విధానంలో ఈ విషయం చేతికి దొరుకుతుంది. కారును లేపి, బాడీ కింద గట్టి దన్నులు పెట్టి పని చేస్తున్నప్పుడు చక్రాలు కిందికి వేలాడుతూ, కమాను నిండు వంపులో ఉంటుంది. ఆ స్థితిలోనే షాకిల్ నట్లను గట్టిగా బిగిస్తే రబ్బరు ఆ కోణాన్నే తన ఇల్లుగా పట్టుకుంటుంది. కారును నేలకు దించిన క్షణం నుంచి అది మెలిపడే ఉండి, ప్రతి కదలికలోనూ ఆ లేని ఇంటికి పోవడానికి పెనుగులాడి, కొద్ది నెలలలోనే చిరుగుతుంది. అందుకే పని తెలిసినవారు నట్లను చేతి బిగువుతో వదిలి, చక్రాలు వేసి, కారును నేల మీదికి దించి, దాని బరువు దాని మీద పడ్డాక, రెండు మూడుసార్లు తోకను నొక్కి వదిలి, అది తన ఎత్తులో నిలిచిన తరువాతనే కిందికి వెళ్లి రెంచి వేస్తారు. యు-బోల్టులను ఆ ఎత్తులోనే బిగించినా, కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగించవలసి వస్తుంది, ఎందుకంటే కొత్త పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకుని, వాటి మధ్య ఉన్న రంగూ తుప్పూ నలిగి, దొంతర మందం కొద్దిగా తగ్గుతుంది. ఆ తగ్గుదలను కుంగుబాటుగా పొరబడి మళ్లీ కొలిమి వెలిగించవలసిన పని లేదు.